కుదరదు

సాంబయ్యకు చెవుడు వచ్చిందని సాంబయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. మాచర్లలో నాపరాళ్లు కోసే మిషన్ పక్కన బతుకంతా నిలబడ్డవాడికి చెవుడు రావడంలో వింతేముంది? వింతంతా దాన్ని దాచడంలో ఉంది. తోటి పనివాడు పేతురు మాటమాటకీ "ఆఁ? ఏందీ?" అంటున్నాడని అతనికి చెవిటి మాలోకం అని పేరు పెట్టి, మిషన్ మీంచి తీసేసి రాళ్లు మోసే పనిలో పడేశారు. అప్పుడు అందరికంటే గట్టిగా నవ్వింది సాంబయ్యే. అందుకే అతనికి అంత భయం.

మొదట్లో వినపడని ప్రతి మాటకీ "ఊఁ" అనేవాడు. అలా ఒకసారి ఊఁ కొట్టి, తనకు తెలియకుండానే కొత్త బండిని బావమరిది చేతిలో పెట్టాడు. దాంతో పద్ధతి మార్చాడు. వినపడకపోతే "కుదరదు". కుదరదన్న మగవాణ్ణి ఎవరూ రెండోసారి అడగరు. పైగా సాంబయ్య మాటంటే మాటేనని వీధిలో గౌరవం పెరిగింది. ఏం గౌరవమో, తగలెయ్య!

భార్య పోలమ్మది పెద్ద గొంతు కాబట్టి ఇంట్లో రోజులు వెళ్లిపోతున్నాయి. మెత్తని గొంతు కూతురు ప్రసన్నలక్ష్మిది. సత్తెనపల్లిలో కాపురం. ఆ పిల్ల నిండు కడుపుతో వచ్చి, తండ్రి అన్నం తింటుంటే పక్కన కూర్చుని ఏదో అడిగింది. ఫ్యాను చప్పుడులో ఆమె పెదవులు కదలడమే కనపడింది.

"కుదరదు," అన్నాడు.

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని లేచింది. సంచి సర్దుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. తాను దేన్ని కాదన్నాడో సాంబయ్యకు అంతుపట్టలేదు. చీర అడిగిందా? ఫోనా? చీరకెవరైనా అంతలా ఏడుస్తారా?

కూతురు వీధి మలుపు తిరగ్గానే పోలమ్మ విరుచుకుపడింది. "ఏందయ్యా నువ్వు? తొలికాన్పుకి వచ్చి తీసుకుపో నాన్నా అని పిల్ల నోరు తెరిచి అడిగితే కుదరదంటావా? ఎందుకు కుదరదో చెప్పు!"

నాకు వినపళ్లేదే అన్న మాట సాంబయ్య నోటిదాకా వచ్చింది. దాని వెనకే రాయి మోస్తున్న పేతురు మొహం గుర్తొచ్చింది.

"ఇల్లు ఇరుకు," అన్నాడు. మళ్లీ తనే, "ఎండలు గూడా చానా ఉన్నాయి," అన్నాడు. తానేం వాగుతున్నాడో తనకే తెలియలేదు.

"అయితే నేనే పోతా. దాని పురుడు అక్కడే పోస్తా," అంది పోలమ్మ.

ఆ రాత్రి ఆమె నిద్రపోకుండా ఆలోచించింది. బండి సంగతీ, హోరెత్తిపోయే టీవీ, ఆ ఇల్లు ఇరుకు కబుర్లూ అన్నీ కలిపి చూసుకుంది. తెల్లారి సాంబయ్య సంచి మోసుకుంటూ బస్టాండుకు వచ్చి ఆమెను ఎక్కించాడు. బస్సు నిండా తెలిసినవాళ్లే. అందుకని, పుట్టి బుద్ధెరిగాక మెల్లగా మాట్లాడి ఎరగని పోలమ్మ, మొగుడి పరువు కోసం కిటికీలోంచి వంగి గొంతు తగ్గించింది.

"పిల్ల అడిగింది నీకు వినపళ్లేదు కదా? దానికి ఆ మాట చెప్పనా?"

ఇంజను మోగుతోంది. పెదవులు కదిలాయి. జనం తనవైపే చూస్తున్నట్టనిపించింది.

"కుదరదు," అన్నాడు సాంబయ్య గట్టిగా.

పోలమ్మ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి కిటికీ అద్దం మూసేసింది. బస్సు వెళ్లిపోయింది. ఆమె ఏమడిగి ఉంటుందా అని సాంబయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అన్నం వండుకుని తినమని చెప్పింది కాబోలు అనుకుని ఇంటిదారి పట్టాడు.