ముళ్లు తీసిన కొమ్మ

మేక డొక్కను మోకాలితో అదిమి, తన్నుడు ఆగేదాకా రేకు డబ్బా దాని గొంతు కింద పట్టాడు కత్తి బాబాయి. చెప్పులు నెత్తుట్లో జారుతున్నాయి. మాంసం కొట్లో ఆయన్ని అందరూ కత్తి బాబాయి అనే పిలిచేవారు. అసలు పేరు ఆయనకే గుర్తుందో లేదో!

పక్క కొట్టు కోళ్లవాడు పళ్లికిలించాడు. "ఏం బాబాయ్, ఈ నెత్తురు కూడా గులాబీకేనా?"

"దానికేరా. నెత్తురు పడితే మనిషికి రంగు రాదూ?"

"చూస్తుండు, రేపు మూలుగ బొక్క కూడా అడుగుద్ది!"

బాబాయి నవ్వి డబ్బాకు మూత పెట్టాడు. ఆయన పెంచిన మొదటి మొక్క ఆ గులాబీ. ఎందుకు పెంచాడంటే, పెళ్లాం కోసం. కాపరానికొచ్చిన కొత్తలో ఆయన చేతులు చూసి జడుసుకున్న మనిషి, పాపం. మంచినీళ్లిచ్చినా "అక్కడ పెట్టు, తీసుకుంటా" అనేది. పిల్లల్ని కంది, వాళ్లకు పెళ్లిళ్లు చేసింది, ఆ మాట మాత్రం మార్చలేదు. ఒక్క పువ్వయినా తన చేతిలోంచి ఆమె చేతిలోకి పోవాలని ఆయన పంతం.

ముల్లు గుచ్చుకుంటే మళ్లీ ఆ మాటే అంటుందని, ఎముకలు తీసే సన్న కత్తితో చెట్టు మీదే ముళ్లన్నీ గీకేశాడు. ముల్లున్న పువ్వు ఇవ్వడమంటే మెత్తటి మాంసమని చెప్పి ఎముకలు తూచినట్టే ఉంటుందనుకున్నాడు. గీకిన చోటల్లా కొమ్మ నల్లబడింది. అయినా చచ్చీ చెడీ ఒక్క మొగ్గ తొడిగింది.

సాయంత్రం మేడ మీది తమ గది ముందు, కుండీలో డబ్బా ఒంపాడు.

"ముక్కులు పగిలిపోతున్నాయయ్యా! ఊళ్లో కుక్కలన్నీ మన మెట్ల కిందే కాపరం పెట్టాయి," అంది ఆమె.

"రేపు విచ్చుకుంటుందే. నీకే."

"సరేలే. అక్కడ పెట్టు, తీసుకుంటా."

ఆయన లోపల కత్తి కడుగుతుండగా ఆమె కేక వినపడింది. మూడు కుక్కలు మెట్లెక్కి వచ్చాయి. కుండీ పగిలింది. రెండు నెత్తుటి మట్టిని నాకుతున్నాయి. ఇంకొకటి కొమ్మను నమిలి పీకుతోంది, మూతికి గుచ్చుకోవడానికి ముల్లేదీ? చీపురుతో కొట్టిన ఆమె మణికట్టును అది పళ్లతో పట్టేసింది.

బాబాయి కత్తితో సహా దూకాడు. దాని డొక్క చీల్చాడు. రెండోదాన్ని మెడ పట్టి మెట్ల మీది నుంచి విసిరేశాడు. మూడోది ఎదురు రొమ్ము మీదికి ఎగిరింది. గడప దగ్గర వెల్లకిలా పడ్డాడు. చేతిలోని కత్తి ఆయన గజ్జల్లోనే దిగింది. కుక్క పారిపోయింది.

నెత్తురు కారడం లేదు, ఎగజిమ్ముతోంది. ఎక్కడ తెగితే ఎంతసేపో ఆయనకు తెలియనిదా!

"ఎవరైనా రండయ్యా!" అని అరుస్తూ ఆమె గాయాన్ని రెండు చేతులతో అదిమింది. మోచేతుల దాకా ఆయన నెత్తురే.

బాబాయి పక్కనున్న మట్టిలో తడిమాడు. కుక్క కొరికి వదిలేసిన మొగ్గ దొరికింది. చేయి ఆమె వైపు చాపబోయి, అలవాటు కొద్దీ ఆగి, దాన్ని గడప మీద పెట్టాడు.

"అక్కడే పెట్టానులేవే. తీసుకో."

"చేతికియ్యవయ్యా! నా చేతికియ్యి!" ఆమె ఒక చేయి తీసి చాపింది.

ఆయన కాలు ఒకసారి తన్నుకుంది. ఆగిపోయింది.

కింద జనం మెట్లెక్కుతున్నారు. గడప మీద మొగ్గ ఇంకా విచ్చుకోలేదు. కాడ మాత్రం నున్నగా ఉంది, ఎక్కడా ఒక్క ముల్లు లేదు.