గొలుసు చప్పుడు

డెబ్బైనాలుగు నాటి సంగతి. నాందేడ్ హాస్టలు మెస్సులో లింగన్న కంచం వారం రోజులుగా గుమ్మం పక్కన విడిగా ఉంటోంది. క్లాసులో లేచి నిలబడి, ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పిన నాటి నుంచీ అంతే. వెర్రి అంటుకుంటుందట. చదువుకున్నవాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. కంచం అక్కడికి జరిపినవాడు తోటి విద్యార్థి రామదాస్.

లింగన్న ఊరివాడే అయిన కాశీరాం అది చూసి ఊరుకోలేకపోయాడు. ఊళ్లో పటేళ్ల ఇంట తన తల్లి మైసవ్వకు గ్లాసు విడిగా పెట్టేవాళ్లు. విడికంచంలో ముద్ద ఎలా దిగుతుందో వాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. రోజూ వెళ్లి లింగన్న పక్కనే కూర్చునేవాడు. ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. చెవిలో ఏదైనా మోగితే అది నిజంగా ఉన్న చప్పుడేనా అని లింగన్న అడగాలి, కాశీరాం ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇప్పటిదాకా ప్రతిసారీ "లేదురా" అనే చెప్పాడు. ఆ మాటకు లింగన్న ఊపిరి తేలికయ్యేది.

తప్పు జరిగింది పోస్టుకార్డు దగ్గర. "తమ్ముణ్ని పెద్ద దవాఖానలో చూపించాలి, రండి" అని కాశీరాం లింగన్న వాళ్ల అన్న శంకర్రావుకు రాశాడు. మాట్లాడేది తెలుగైనా బడిలో నేర్చింది మరాఠీ రాతే. ఆ ఇంట్లో అది చదవొచ్చినవాళ్లు లేరు. బడిపంతులు చావడిలో అందరి ముందూ చదివి వినిపించాడు. పొద్దుగూకేలోగా ఊరంతా గుప్పుమంది.

శంకర్రావు ధర్మాబాద్ బండి దిగి, మధ్యాహ్నం అన్నాల వేళకు మెస్సు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో బరువైన గుడ్డసంచి.

"బాబా కాడ మూడు నెలలు కట్టేస్తే దయ్యం దిగుతది. నడువ్."

"పోయినేడు మనూరి జనాబాయి కొడుకును ఆడనే కట్టేసిండ్రు, పటేలా. పీనుగైనంకనే ఇప్పిండ్రు," అన్నాడు కాశీరాం. "దవాఖానకు తోల్కపోదాం."

"కార్డు రాసి ఇజ్జత్ తీసింది సాలదా నీకు?"

శంకర్రావు సంచి కింద పెట్టాడు. లోపల ఇనుము గలగలమంది.

లింగన్న చేతిలో ముద్ద ఆగిపోయింది. "కాశీ, గొలుసు. ఇనవడ్తుందా?"

కాశీరాం సంచి వైపు చూశాడు. లేదని చెబితే ఈ క్షణం లింగన్న కుదుటపడతాడు. ఆ తర్వాత సంచి విప్పుతారు. ఇక జన్మలో ఎవరి మాటా నమ్మడు.

"ఇనవడ్తుందిరా. నిజమే. మీ అన్న తెచ్చిండు."

లింగన్న ఎడమచేత్తో కాశీరాం మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నేను దవాఖానకే పోత, అన్నా."

వరుసలోంచి రామదాస్ తల దించుకుని లేచాడు. కంచం తెచ్చుకుని లింగన్నకు అవతలి పక్క కూర్చున్నాడు. "మాగ్గూడ ఇనవడ్డది, లింగన్నా," అన్నాడు.

శంకర్రావు సంచి ఒళ్లో పెట్టుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. దవాఖానకు పోవాలన్నా ఆ గుమ్మమే దాటాలి.