ఊది చూపించమన్నారు

సరుగుడు తోపుల మీంచి గాలి వస్తోంది. ఉప్పు గాలి. పెదవికి తగిలితే చురుక్కుమనే గాలి.

ఆ గాలికే మూతి పోయిందన్నారు కొందరు.

కాదు, నరం వాచిందన్నాడు డాక్టరు.

ఏదైతేనేం... కావలిలో ఒక పొద్దున ఖాజా మొహిద్దీన్ నిద్ర లేచేసరికి మూతి ఎడమ పక్కకు వంకరపోయి ఉంది. నీళ్లు పుక్కిలిస్తే కారిపోతున్నాయి. నవ్వితే సగం ముఖమే నవ్వుతోంది. సన్నాయి పీక పెదవుల మధ్య పెట్టుకుని ఊదితే —

గాలి. ఒట్టి గాలి.

సన్నాయి ఊదే మనిషికి మూతి పోతే ఇంకేం మిగిలింది?

డోలు పెంచలకృష్ణ మిగిలాడు.

ఆ చుట్టుపక్కల ఏ పెళ్లిలో తాళి కట్టినా, ఏ గుడిలో పల్లకీ లేచినా ఈ ఇద్దరే. ఖాజా సన్నాయి ముందు, పెంచలకృష్ణ డోలు వెనక. ఇప్పుడు సన్నాయి ఆగింది. డోలూ ఆగింది. ఒంటి డోలును ఎవరు పిలుస్తారు?

పెంచలకృష్ణకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

కళాకారుల కార్డు ఉంటే వైద్యం చేయిస్తారని ఎవరో చెప్పారు. తిరిగాడు. ఎక్కిన మెట్లే ఎక్కాడు. వార్డు సచివాలయంలో కంప్యూటరు ముందున్న అమ్మాయి తెరను పైకీ కిందికీ జరిపి చూసింది.

"సన్నాయి అని లేదన్నా ఇందులో. 'ఇతరములు' అని పెట్టేదా?"

ఇతరములు.

ఊళ్లో దేవుణ్ణి రోజూ నిద్ర లేపిన మనిషి... ఇతరములు.

పళ్లు కొరుక్కుని, ఇద్దరి పేర్లకూ అదే పెట్టమన్నాడు.

నెల్లూరు పొమ్మన్నారు. పోయారు. సారు భోజనానికి వెళ్లారన్నారు. కూర్చున్నారు. సారు వచ్చారు, మీటింగులో ఉన్నారన్నారు. కూర్చున్నారు.

చివరికి పిలిచారు.

బల్ల వెనక ముగ్గురు. నడిమాయన మర్యాదగానే అడిగాడు.

"కళాకారులని మాకు తెలియాలి కదండీ. ఏదైనా ఒకటి వాయించండి."

పెంచలకృష్ణ బల్ల మీదికి వంగాడు.

"సార్, ఊదలేడు కాబట్టే కదా సార్ వచ్చింది!"

"అర్థమైందయ్యా. కానీ రూలు అది. వాయించి చూపిస్తేనే కళాకారుడు."

ఖాజా మొహిద్దీన్ వాదించలేదు. ఆయన ఎప్పుడూ వాదించడు. పెంచలకృష్ణకు ఒళ్లు మండేదే అక్కడ. నెమ్మదిగా సంచి విప్పాడు. సన్నాయి తీశాడు. ఒక చేత్తో జారిపోయే పెదవిని నొక్కి పట్టుకున్నాడు. సన్నాయి మీదికి ఇంక ఒక్క చెయ్యే మిగిలింది.

ఊదాడు.

బుస్సుమని గాలి. గడ్డం మీదికి కారిన చొంగ.

ముగ్గురూ తలలు దించుకుని కాగితాల్లోకి చూశారు.

అప్పుడు పెంచలకృష్ణ వెంట తెచ్చిన డోలు మెడకు తగిలించుకున్నాడు. ఎవరూ అడగలేదు. ఖాజా ఒంటి చేతి వేళ్లు ఏ కీర్తన వెతుకుతున్నాయో అతనికి తెలుసు. ఆ వేళ్ల వెంట వాయించాడు. రాని పాటకు తాళం. వినిపించని రాగానికి దారి. కోపమంతా చేతుల్లోకి దిగింది. కిటికీ అద్దాలు అదిరాయి. పక్క గదుల్లోంచి జనం వచ్చి నిలబడ్డారు.

ఖాజా ఎడమ కన్ను మూసుకుంది. కుడి కన్ను మూతపడనంది. అందులోంచి నీళ్లు.

అందరూ చప్పట్లు కొట్టారు.

కొన్నాళ్లకు కార్డు వచ్చింది.

పెంచలకృష్ణ పేరు మీద.

ఖాజా మొహిద్దీన్ సంగతి అడిగితే — ప్రతిభ నిరూపణ కాలేదు.

"గుండ్రాయి మాదిరి ఉండా నేను! నాకెందుకు వైద్యం?" కార్డు మంచం మీదికి విసిరేశాడు పెంచలకృష్ణ.

ఖాజా సగం ముఖంతో నవ్వాడు. "పోనీలే అబ్బయా. ఇద్దర్లో ఒకరికన్నా వచ్చింది."

"నువ్వు నవ్వబాకన్నా. నాకు మండతా ఉండాది."

మళ్లీ అర్జీ పెట్టాడు. మళ్లీ మెట్లు.

ఊళ్లో ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే వాణి మాత్రం కార్డు అడగలేదు. తీరిక దొరికినప్పుడు రమ్మంది. బుగ్గలు పొంగించమంది. స్ట్రాతో గ్లాసు నీళ్లలోకి ఊదమంది.

ఇంట్లో ఊదాలంటే ఖాజాకు సిగ్గు. గోడ అవతల వింటారని. అందుకని ఆదివారాలు పెంచలకృష్ణ ఆయన్ని బండి మీద జువ్వలదిన్నె పడవల రేవుకు తీసుకుపోయేవాడు. పడవల ఇంజన్ల మోతలో ఎవరూ వినరు.

పూ... ఫూ...

ఏమీ రాదు. పెంచలకృష్ణ తిడతాడు. ఖాజా ఊదుతాడు. ఏమీ రాదు.

ఒక ఆదివారం మాత్రం వచ్చింది.

ఒక్క స్వరం. మేకపిల్ల అరుపంత సన్నగా, వణుకుతూ...

పెంచలకృష్ణ గబుక్కున సముద్రం వైపు తిరిగాడు, తన ముఖం కనపడకుండా.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోను.

"మీ అర్జీ చూశామండీ. శుక్రవారం ఆయన్ని తీసుకురండి. ఊదితే కళాకారుడని రాసేస్తాం."

"రాస్తే... వైద్యం చేయిస్తారా సార్?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"ఊదగలిగితే ఇంక వైద్యం ఎందుకండీ?"

పెంచలకృష్ణ ఆ మాట ఖాజా ఇంటికి మోసుకుపోయాడు. ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. ఖాజా నింపాదిగా విన్నాడు.

"అట్టయితే శుక్రవారం ఊదేదా అబ్బయా, ఊదకూడదా?"

పెంచలకృష్ణకు ఆఫీసును తిట్టాలో, ఈ మనిషి నిమ్మళాన్ని తిట్టాలో, ఆ నరాన్ని తిట్టాలో తెలియలేదు.

"శుక్రవారం మాట శుక్రవారం చూద్దాం," అన్నాడు ఎట్టకేలకు. "నిన్నటి స్వరం తియ్యి ముందు. ఇక్కణ్ణే. ఎవురు వింటే మనకేంది?"

ఖాజా మొహిద్దీన్ గోడ వైపు ఒకసారి చూశాడు.

పెదవిని నొక్కి పట్టుకున్నాడు. గుండె నిండా ఊపిరి తీసుకున్నాడు...