ఎవరూ తీయమనని పదహారు

కౌన్సిలర్ ఫోన్లో అడిగింది ఒక్క నవల గురించే. దాని మీద ఫిర్యాదులొస్తున్నాయి, కొన్నాళ్లు లోపల పెట్టమన్నాడు. లైబ్రేరియన్ సరేనంది. ఫోన్ పెట్టేశాక మనసు కుదుట పడలేదు. ఇవాళ ఇదన్నవాడు రేపు ఇంకోటి అనడా, ఎందుకొచ్చిన గొడవ అనుకుని, బీరువాలన్నీ తిరిగి, తనకు జంకు పుట్టించిన ప్రతి పుస్తకాన్నీ ఏరింది. ఇంకో పదహారు తేలాయి. అట్టపెట్టెలో సర్ది, వెనకగదిలో చీపుర్ల పక్కన పెట్టి తాళం వేసింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆమె ఏ పనీ అంత చకచకా చేయలేదు.

నెల తిరక్కుండానే పాఠకులు పసిగట్టారు. రిటైరైన ఒక డ్రాయింగు మాస్టారిని పెద్దగా పెట్టుకుని ఒక సంఘం కట్టి, ఆర్డరు కాగితం చూపించమంటూ మునిసిపల్ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగారు. పదిహేడూ పైవాళ్లే తీయించారని వాళ్ల నమ్మకం. ఆమె అవుననలేదు, కాదనలేదు. వాళ్లే అలా అనుకుంటే నా తప్పేముందని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ పదహారులో ఒకటి, కాన్పయ్యాక తల్లులకు పట్టుకునే దిగులు గురించి ఒక డాక్టరు రాసింది. బట్టల కొట్టులో పనిచేసే ఒకావిడ తన చెల్లెలి కోసం దాన్ని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ లైబ్రేరియన్ మొహం ఎత్తకుండా, ఎవరో తీసుకెళ్లారని చెప్పింది.

ఒక ఆదివారం సంఘం సమావేశం లైబ్రరీ హాల్లోనే జరిగింది. మాస్టారు ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, పైవాళ్ల ఒత్తిడికి ఈ తల్లి ఎంత నలిగిపోయిందో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. బట్టల కొట్టు ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. లైబ్రేరియన్‌కి తల కొట్టేసినట్టయింది. లేచి నిలబడింది.

"వాళ్లడిగింది ఒక్కటే మాస్టారూ. మిగతా పదహారూ నేనే తీశాను. ఎవరూ చెప్పలేదు. భయమేసి తీశాను."

మాస్టారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"నాలుగు నెలలుగా మేం ఎవరితో కొట్లాడుతున్నామమ్మా మరి?" అన్నారు.

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకి.

తర్వాత ఆయనే తెల్లకాగితం ఇచ్చి, జరిగింది జరిగినట్టు రాసిమ్మన్నారు. రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం పట్టుకునే సంఘం ఆ ఒక్క నవల కోసం కౌన్సిల్‌ని నిలదీసింది; ఆ తగువు ఇంకా తెగలేదు. ఆమెకు పైనుంచి మెమో వచ్చింది. పదహారు పుస్తకాలు మాత్రం ఆ ఆదివారం సాయంత్రమే అరల్లోకి ఎక్కాయి.

మర్నాడు కొట్టు ఆవిడ వచ్చింది. లైబ్రేరియన్ తనే వెళ్లి ఆ పుస్తకం తెచ్చి చేతికిచ్చింది.

"చెల్లెలికి ఎలా ఉందండీ?"

"ఆస్పత్రిలో ఉంది. ఇప్పుడు చదివే స్థితిలో లేదు. నేను చదువుతాను."

క్షమించమని అడగాలనుకుంది. ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉంచుకోమని మాత్రం అనగలిగింది.

"గడువుకే తెచ్చిస్తానండీ," అందావిడ, పుస్తకం సంచిలో పెట్టుకుంటూ. "ఇంకెవరికైనా అవసరం పడొచ్చు."