మేకుకు గుచ్చిన జాబితా

ఐదు రోజుల సెలవు తర్వాత పనిలోకి వచ్చిన జిగురక్క ముందుగా చూసింది తన బల్లని కాదు, బల్ల వెనక గోడకున్న మేకుని. మేకు ఉంది. దానికి గుచ్చి ఉండాల్సిన పసుపు కాగితాలు లేవు.

బల్ల కింద వెతికింది. జిగురు డబ్బాల వెనక, అట్టముక్కల బుట్టలో, అతికించిన పుస్తకాల మీద బరువుకి పెట్టే పాత ఇస్త్రీపెట్టె కింద కూడా చూసింది. ఎక్కడా లేవు.

ఆ గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు బాగుచేసేది ఆమె ఒక్కతే. పదకొండేళ్లుగా వేళ్లకి జిగురు ఆరకుండా ఉండటం వల్ల ఆ పేరు వచ్చిందని తోటివాళ్లు అంటారు. పుస్తకం పట్టుకుంటే వదలదు కాబట్టి వచ్చిందని ఆమె భర్త అంటాడు. ఆమె ఇద్దరినీ కాదనదు.

పసుపు కాగితాల మీద ఉన్నది ఆమె చదవాల్సిన పుస్తకాల జాబితా. అన్నీ లేని రాజ్యాల కథలే. నీడలు అమ్ముకుని బతికే ఊరు, కోపం వస్తే చోటు మారే కొండ, గాలిని మగ్గం మీద నేసే అక్కచెల్లెళ్లు. ఒకటి చదవడం పూర్తయ్యేసరికి దాని వెనక అట్ట మీద ఇంకో మూడింటి పేర్లు కనబడేవి. ఒక పేరు కొట్టేస్తే మూడు పేర్లు చేరేవి. చదివేసినా మనసు వదలని వాటికి పక్కన ఎర్ర నక్షత్రం పెట్టి, మళ్లీ చదవాలని అలాగే ఉంచేసేది. అలమరల్లో వెతుక్కోనక్కర్లేకుండా ప్రతి పేరు పక్కనా పుస్తకం నంబరు రాసుకునేది. సెలవు మీద వెళ్లేనాటికి లెక్క ముప్పై ఎనిమిది.

ఆ ముప్పై ఎనిమిదోదే అసలు సంగతి. అది ‘ఉప్పుకోట’ ఏడో భాగం. ఉప్పుతో కట్టిన కోటకి కాపలా కాసే ఒకావిడ నడుముకి ఏడు తాళంచెవులు ఉంటాయి. ఆరు భాగాల్లో ఆరు తలుపులు తెరుచుకున్నాయి. ఏడోది చిటికెనవేలి గోరంత తాళంచెవి. అది దేనికో ఎవరికీ తెలియదు. రాసినాయన భాగానికి ఒక్కసారి దాన్ని గలగలమనిపించి ఊరుకున్నాడు. ఆ గలగల జిగురక్క చెవుల్లో నాలుగేళ్లుగా మోగుతోంది. చివరికి ఎవరో దానం చేసిన పుస్తకాల్లో ఏడో భాగం వచ్చింది, వీపు ఊడి, అట్ట వేలాడుతూ. సరిగ్గా ఆ సాయంత్రమే చెల్లెలికి ఆపరేషన్ అని కబురు. బాగుచేయని పుస్తకం గది దాటకూడదన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న నియమం. పేరు జాబితాలో ఎక్కించి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయింది.

ఇప్పుడు బల్ల మీద అదీ లేదు.

ఆమె హాల్లోకి నడిచింది. నవలల అలమరలో పళ్లు ఊడిన నోరులా అక్కడక్కడా ఖాళీలు. ఒక్కో ఖాళీ దగ్గర ఏ పుస్తకం ఉండేదో ఆమెకి తడుముకోకుండా తెలుసు. ఏడో ఖాళీ దగ్గరికి వచ్చేసరికి విషయం అర్థమైంది.

ఆ గ్రంథాలయంలో పసుపు కాగితానికి ఒక్కటే అర్థం. బాగుచేయడానికి పనికిరాని పుస్తకాల పేర్లూ నంబర్లూ దాని మీద రాసిస్తే, అవి పాత కాగితాల గోదాముకి వెళ్లిపోతాయి. జిగురక్క ఏడాదికి మూడో నాలుగో పుస్తకాల మీద తప్ప ఆశ వదులుకోదు. అందుకే పసుపు కట్టలు వాడకం లేక పేరుకుపోయేవి, ఆవిడ వాటినే తన జాబితాకి వాడుకునేది. పాత లైబ్రేరియన్‌కి ఈ సంగతి తెలుసు. మూడు నెలల కిందట వచ్చిన కొత్త మేడంకి తెలియదు.

మేడం ఆమెని చూడగానే నవ్వింది.

“చెల్లెలికి ఎలా ఉంది? మీరు లేకపోయినా మీ పని ఆగలేదు. మేకుకి గుచ్చిన జాబితా చూసి నేనే అన్నీ తీయించి శనివారం పంపించేశాను. నిజం చెప్పనా, మీరు ఏదీ పారేయరని విన్నాను. ఒకేసారి ముప్పై ఎనిమిది రాసేసరికి ముచ్చటేసింది. నక్షత్రాలు పెట్టినవైతే మరీ నలిగిపోయి ఉన్నాయి.”

నక్షత్రాలు పెట్టినవి అందరూ చదివినవి కాబట్టే నలిగాయి. ఆ మాట జిగురక్క గొంతు దాకా వచ్చి ఆగింది. ఎందుకంటే మేడం తల వెనకే, వచ్చిన వారంలోనే ఆవిడ స్వయంగా రాయించిన బోర్డు ఉంది. ‘సిబ్బంది పని వేళల్లో చదవరాదు.’ జాబితా తనదని చెబితే, ఆ చదువంతా ఎప్పుడు సాగుతోందన్న ప్రశ్న వస్తుంది. చెప్పకపోతే పుస్తకాలు కాగితం మిల్లులో పిప్పి అయిపోతాయి.

“గోదాము నుంచి మిల్లుకి లారీ ఎప్పుడెళ్తుంది మేడం?”

“సోమవారం సోమవారం. అంటే ఇవాళే. మూడింటికి అనుకుంటా. ఏం?”

గోడ గడియారంలో పదకొండు కావస్తోంది.

“అవి పారేసేవి కాదు మేడం. నేను చదవాల్సినవి.”

మేడం నవ్వు మెల్లగా తగ్గింది. “ముప్పై ఎనిమిదా?”

“ఇప్పటికి.”

“ఎప్పుడు చదువుతారు ఇవన్నీ?”

“కొన్ని ఇంట్లో.”

“మిగతావి?”

జిగురక్క తన గదిలోకి వెళ్లి, బల్ల మీద ఎదురుచూస్తున్న ఒక కాగితాల దొంతర తెచ్చి మేడం ముందు పెట్టింది. కుట్టు తెగి, మూలలు తడిసి ఊడిపోయిన పుస్తకం అది. ఒక్క పేజీకీ నంబరు మిగల్లేదు.

“ఈ రెండు కాగితాల్లో ఏది ముందు, ఏది వెనకో చెప్పండి మేడం.”

మేడం కళ్లజోడు సర్దుకుని రెండూ చదివింది. “ఇందులో రాజు చనిపోయాడు. ఇందులో కూర్చుని భోంచేస్తున్నాడు. భోజనం ముందు, చావు తర్వాత. ఇందులో పెద్ద తెలివేముంది?”

“అలా అతికిస్తే పుస్తకం పాడైనట్టే. ఈ కథలో ఆయనకి ఆకలి పుట్టేదే చనిపోయాక.”

మేడం మూడో కాగితం తీసింది. తర్వాత నాలుగోది. ఐదోది తిరగేసి దాని వెనక చూసింది.

“ఇంతకీ వడ్డిస్తున్న ఈవిడ బతికున్నట్టా, పోయినట్టా?”

“ఆ కాగితం నాకింకా దొరకలేదు. చదివితేనే వరస తెలుస్తుంది మేడం. వంటల పుస్తకమైతే చదవకపోయినా ఊహించి పెట్టేయొచ్చు. వీటిలో ఊహకి అందేది ఏదీ ఉండదు. అలా అతికిస్తూ అతికిస్తూ అలవాటైపోయింది. బోర్డు చూశాను. తప్పే. తర్వాత ఏం చేస్తారో చేయండి. ముందు ఒక ఉత్తరం ఇప్పించండి, వెళ్లి తెచ్చుకుంటాను.”

మేడం ఆరో కాగితం చేతిలోంచి వదలకుండానే రెండో చేత్తో ఉత్తరాల పుస్తకం దగ్గరికి లాక్కుంది. పొరపాటున పంపిన ముప్పై ఎనిమిది పుస్తకాలను తిరిగి ఇవ్వగలరు అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసింది.

“మీ సంగతి వచ్చాక మాట్లాడతాను. ఈ దొంతర ఇక్కడే ఉండనీండి.”

జిగురక్క భర్త ప్లంబరు. ఫోన్ చేసేసరికి ఎవరి ఇంట్లోనో స్నానాలగదిలో కుళాయి విప్పుతున్నాడు. విషయం విని, “అయితే ఏడోది కూడా పోయిందా?” అని మాత్రం అడిగాడు. ఆ ఇంట్లో ఆరు భాగాలూ అన్నం తినేటప్పుడు ఆమె కథగా చెప్పినవే. ఆయన ఎప్పుడూ విననట్టే తినేవాడు.

గొట్టాలు వెనక గలగలలాడుతుండగా ఆయన వ్యాను పన్నెండున్నరకి గ్రంథాలయం ముందు ఆగింది.

“నేను సెలవుకి వెళ్లేముందు ఆ కాగితాలు తీసి సొరుగులో పడేసి ఉంటే సరిపోయేది,” అంది జిగురక్క ఎక్కుతూ.

“సొరుగు పట్టాలి కదా. నీ జాబితాకి సొరుగు కాదు, గొట్టం కావాలి. ఒక పక్క పోస్తుంటే ఇంకో పక్క కారుతూ ఉండేది.”

“ఎగతాళి తర్వాత. ముందు పోనివ్వండి.”

“పోనిస్తున్నాను కదా. ఆ చిన్న తాళం అద్దాల పెట్టెదని నా అనుమానం.”

“ఏ అద్దాల పెట్టె?”

“మూడో భాగంలో ఉంది కదే, సముద్రం అడుగున.”

ఆమె భర్త ముఖం వైపు చూసింది. ఆయన దారి వైపు చూస్తున్నాడు.

గోదాము పొడవైన రేకుల షెడ్డు. లోపల పైకప్పు దాకా కాగితాల మోపులు, మధ్యలో మనిషి దూరేంత సందు. గుమ్మం పక్కన కాటా, కాటా పక్కన ఒక మోపు మీద కూర్చున్న యాభై ఏళ్ల తూకం మనిషి. కళ్లజోడుకి ఒక పక్క కాడ బదులు దారం కట్టి చెవికి చుట్టుకున్నాడు. ఉత్తరం చదివి, లేచి, నేరుగా నాలుగో వరసలోకి నడిచాడు.

“శనివారం వచ్చినవి కదమ్మా. అట్టల మీద రెక్కలూ కత్తులూ ఉన్నవి. విడిగా పెట్టాను.”

మోపు విప్పారు. జిగురక్క ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని పేరు చదువుతుంటే భర్త వ్యాన్లో పేర్చాడు. నీడల ఊరు వచ్చింది. కోపం కొండ వచ్చింది. ఉప్పుకోట ఒకటి నుంచి ఆరు దాకా వచ్చాయి. మోపు అయిపోయింది. ముప్పై ఏడు.

“ఇంకొకటుండాలి అన్నా. వీపు ఊడినది. అట్ట వేలాడుతుంటుంది.”

తూకం మనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత తను కూర్చున్న మోపు మీది గోనెసంచి ఎత్తి, దాని కిందినుంచి పుస్తకం తీశాడు. వేలాడే అట్టని దారంతో నీటుగా కట్టి ఉంచాడు. లోపల గుర్తుగా చెక్కపేడు.

“మధ్యాహ్నం అన్నం తిని ఏదో ఒకటి చదువుతానమ్మా. ఇక్కడికొచ్చేవన్నీ ఇంతే, మొదలుంటే చివర ఉండదు, చివరుంటే మొదలుండదు. ఈ తాళాలావిడ ఎవరో, ఎక్కడినుంచి వచ్చిందో తెలియకుండానే చదివేశాను. ఇంకో ఇరవై పేజీలున్నాయి.”

“మొదటి భాగం ఆ మోపులోనే ఉంది కదా, తీసుకోలేకపోయావా?”

“ఇన్నేళ్లలో ఏ పుస్తకానికైనా మొదలు కూడా ఇక్కడే దొరుకుతుందని నాకెప్పుడూ తట్టలేదమ్మా. వెతికే అలవాటే పోయింది.”

ఆమె చెయ్యి చాపింది. అతను వెంటనే పుస్తకం అందించాడు. చెక్కపేడు మాత్రం లోపలే ఉండిపోయింది. అది అంచున పొడుచుకుని ఉండగా ఆ పుస్తకాన్ని ఎలా పట్టుకోవాలో జిగురక్కకి తెలియలేదు. పేజీలు వదులైన పుస్తకాలు ఆమె వందలు చూసింది. ఇంకా ఇరవై పేజీలుండగా ఆగిపోయిన మనిషిని చూడటం ఇదే మొదలు.

“లారీ మూడింటికి కదా,” అంది. “ఇంకా గంటన్నర ఉంది. చదివేసెయ్.”

“మీ ఆయన ఆగాలి కదమ్మా.”

“ఆగుతాను,” అన్నాడు భర్త వ్యాను దగ్గరనుంచి, అడక్కుండానే. “కాస్త తొందరగా చదువు బాబూ. పైకి మాత్రం చదవొద్దు. మేం ముందున్నవాళ్లం.”

తూకం మనిషి మోపు మీద కూర్చుని చదివాడు. జిగురక్క ఎదురుగా ఇంకో మోపు మీద కూర్చుని అతని ముఖం చదివింది. మొదట పెదవులు కదిలాయి. తర్వాత ఆగిపోయాయి. ఒక చోట ముక్కుతో నవ్వాడు. ఒక చోట పేజీ వెనక్కి తిప్పి ఏదో సరిచూసుకుని, మళ్లీ ముందుకొచ్చాడు. చివర్లో దారం కట్టిన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కాసేపు తన అరచేతిలోకి చూస్తూ కూర్చున్నాడు, అక్కడేదో చిన్న వస్తువు ఉన్నట్టు. ఆ తాళంచెవి తలుపుదా, పెట్టెదా, మనిషిదా అని ఆ చూపుని ఆమె ఎంత తరిచినా తేలలేదు. ప్రశ్న నాలుక కొసన ఉంది. పళ్లు బిగబట్టింది.

“చెప్పనా?” అన్నాడతను పుస్తకం మూస్తూ.

“చెప్పావంటే ఈ కాటా మీద నిన్నే తూస్తాను.”

అతను నవ్వి పుస్తకం ఇచ్చాడు. “నాకు ఒక్కటి చెప్పమ్మా. ఆ తాళంచెవులు ఆవిడకి ఎవరిచ్చారు?”

“అది మొదటి భాగంలో ఉంది. చెప్పను. గురువారం వచ్చి సభ్యత్వం తీసుకో. అప్పటికి వీపు గట్టిపరిచి ఉంచుతాను.”

“మొదటినుంచి చదవడం ఎలా ఉంటుందో మరి,” అన్నాడతను. కొంచెం ఆలోచించి, మోపుల సందులోకి వెళ్లి, ఒక లావుపాటి పుస్తకంతో తిరిగొచ్చాడు. “ఇది ఇంకెక్కడి నుంచో వచ్చింది. చెరువు అడుగున బడి పెట్టుకున్న చేపల కథ. తొమ్మిది భాగాలట, ఇది నాలుగోది. మిగతావి మీ దగ్గరున్నాయా?”

జిగురక్క ఆ పేరు ఎప్పుడూ వినలేదు. ఎనిమిది భాగాలు, ఎక్కడో, ఏదో అలమరలో. ఆమె చేతిసంచిలో కాగితం కోసం వెతికింది. రాయని పసుపు కాగితాల కట్ట తగిలింది. దాన్ని వదిలేసి, భర్త జేబులోంచి పనుల చిన్న పుస్తకం లాక్కుని, ఎవరి ఇంట్లోనో కారే కుళాయి వివరాల కింద ఆ పేరు రాసుకుంది.

వ్యాను ఎక్కి కూర్చున్నాక భర్త తాళం తిప్పలేదు.

“పోనివ్వండి. మేడం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంకా నా సంగతి తేల్చాలి.”

“ఆవిడ దగ్గర ఆ రాజుగారి కాగితాలు ఉన్నాయన్నావు కదా. ఇప్పట్లో నువ్వు గుర్తుకురావు,” అన్నాడాయన. సీటు వెనక్కి వాలి, చేతులు కట్టుకున్నాడు. “మొదటి పేజీ ఒక్కటి చదువు.”

“బాగుచేయకుండా చదవను.”

“అతను దారం కట్టాడు కదా. అది బాగుచేయడం కాదా?”

ఆమె ముడి వైపు చూసింది. రెండు చుట్లు, పక్కకి జారకుండా అడ్డంగా ఒకటి. తను కట్టినా అలాగే కట్టేది. గోరుతో ముడి విప్పి, అట్ట ఊడకుండా ఒక చేత్తో పట్టుకుని, మొదటి పేజీ తెరిచింది.