చేటలో చెరిగిన మాటలు

కటింగ్ షాపు షట్టరు పైకెత్తగానే రేడియో చేసే మొదటి పని చీపురు పట్టుకోవడం. రేడియో అంటే యంత్రం కాదు, మనిషే. కత్తెర ఆగినా నోరు ఆగదని ఎవరో పెట్టిన పేరది. ముందురోజు రాలిన జుట్టూ, ముందురోజు రాలిన మాటలూ కలిపి గోనెసంచిలోకి ఎత్తేవాడు. మాటలన్నాక ఎక్కడ ఆడితే అక్కడ నేల రాలతాయి కదా. మినపగింజంత ఉంటాయి, ఆడిన కాసేపు వెచ్చగా ఉంటాయి, తెల్లారేసరికి గట్టిపడతాయి. తిట్లు కాస్త బరువు. పక్క టైలరు దగ్గర రోజంతా కలిపి గుప్పెడు రాలితే గొప్ప, రేడియో షాపులో అరసంచి రాలేవి.

ఇంట్లో మాత్రం నేల అద్దమే. పొద్దస్తమానం వాగి వాగి ఇల్లు చేరేసరికి అతనికి దవడలు లాగేసేవి. కంచం పెడితే "ఊఁ", కంచం తీస్తే "ఊఁ". ఊఁలు రాలవు. భార్య ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. యంత్రాల హోరుకి చెవులు దిబ్బళ్లు వేసి వచ్చేది పాపం, ఆమె ఆడే నాలుగు మాటలూ పొయ్యిలోనే రాలి మాడిపోయేవి. పగలు పాపని పక్కింటి పిన్ని చూసుకునేది, అంటే టీవీ ముందు కూర్చోబెట్టేది. టీవీ ఎంత మొత్తుకున్నా దాని కింద ఒక్క గింజ రాలదని ఎవరికి తెలియదు గనక.

పాపకి రెండేళ్లు దాటి మూడు నెలలు. ఆ ఈడు పిల్లలు నేలమీద మాటలు ఏరి, నోట్లో వేసుకుని, రెండు రోజులు చప్పరించి పలుకుతారు. ఈ పిల్ల మూలమూలా తడిమి, ఖాళీ అరచేతులు చూసుకుని ఊరుకునేది.

ఒకరోజు ఆరోగ్య కేంద్రం నుంచి నర్సమ్మ వచ్చింది. మంచం కిందికి వంగి చూసింది, చాప ఎత్తి చూసింది.

"ఏం బాబూ, ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరా?"

ఊరందరి తలలు దువ్వేవాడికి తల కొట్టేసినట్టయింది.

"పిల్ల చెవులు బాగానే ఉన్నాయి, ఏ లోపమూ లేదు. మాటలు కింద పడాలి, అంతే. రెండు నెలలాగి వస్తాను. అప్పటికీ పలక్కపోతే పెద్దాసుపత్రికి రాయాల్సి వస్తుంది. పాప దగ్గర కూర్చుని..."

ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది గానీ, మనవాడు వినడం మానేశాడు. వినడం అతనికి ముందునుంచీ అలవాటు లేదు. షాపులో సంచులకి సంచులు మూలుగుతుంటే మాటలకి కరువా అనుకున్నాడు.

మర్నాడే ఒక సంచి విప్పి చేటలో పోసి చెరిగాడు. జుట్టు ఎగిరిపోయింది, గింజలు మిగిలాయి. బరువు చూసి తిట్లు ఏరేశాడు. కడిగి, ఆరబెట్టి, గిన్నెడు ఇంటికి తెచ్చాడు.

"ఎక్కడివి ఇవి?" భార్య అడిగింది.

"నావే. షాపులో ఆడినవి."

"మంచివేనా?"

"తిట్లన్నీ ఏరేశాను."

ఆమె నమ్మింది. రోజూ పనినుంచి వచ్చి, గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఒక్కో గింజా పాప నోటికి తనే అందించింది. పిల్ల ఆవురావురుమని తినేది.

రెండు నెలలకి నర్సమ్మ వచ్చింది. పిన్ని కూడా గుమ్మంలో నిలబడింది. గట్టిపడ్డ గింజలు కరగడానికి అన్నాళ్లు పట్టిందేమో, పాప అప్పుడే మొదటిసారి నోరు తెరిచింది. గొంతు పిల్లదే, యాస మాత్రం అచ్చం తండ్రిదే.

"పిల్లది కాదు సార్ లోపం, తల్లిది. ఇంటికొస్తే నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చుంటుంది. నేనొక్కణ్ణే ఎంతకని మాట్లాడను? తల కొంచెం వంచండి సార్."

పిన్నికి పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. రేడియోకి ఆ నిమిషంలో నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. అవి ఎప్పుడు ఆడాడో, ఎవరికి గడ్డం గీస్తూ ఆడాడో అతనికే గుర్తు లేదు. ఏదో ఒకటి అనాలని అన్నాడు, అంతే. అదే ఇంకా సిగ్గనిపించింది.

భార్య అరవలేదు, ఏడవలేదు. "నా చేత్తోనే తినిపించానుగా," అంది. చెప్పులేసుకుని పనికి వెళ్లిపోయింది.

నర్సమ్మ గొంతు తగ్గించింది. "ఇవి ఎవరితోనో ఆడి చల్లారిన మాటలు బాబూ. పిల్ల అప్పజెబుతుంది, మాట్లాడదు. పాప దేన్ని చూస్తే దాని గురించి చెప్పాలి. చెప్పి ఆగాలి. ఆవేళ ఇదే చెప్పాను. ఇంకో నెల చూస్తాను."

ఆ పూట షాపు తెరవలేదు. నేలమీద పిల్ల ఎదురుగా చతికిలబడ్డాడు. ముక్కూమొహం తెలియనివాడి మీసం గురించి గంటసేపు మాట్లాడగలిగినవాడికి, కన్నకూతురితో ఏం మాట్లాడాలో తోచలేదు. పాప బకెట్టు వైపు చూసింది.

"బకెట్టు," అన్నాడు. "బకెట్టులో నీళ్లు."

ఆగాడు. ఆగడం అతనికి ప్రాణం మీదికొచ్చింది. పాప ఆ వెచ్చటి గింజలు ఏరుకుని నోట్లో వేసుకుని, "తల కొంచెం వంచండి సార్," అంది. అతను తల వంచాడు.

అప్పట్నుంచి నాలుగింటికే షాపు మూసేవాడు. "ఏం రేడియో, బ్యాటరీ అయిపోయిందా?" అని ఆటపట్టించేవాళ్లు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పుకున్నాడు, మా ఆవిడ గురించి నేనన్నది అబద్ధం సార్ అని. ఊరందరికీ చెప్పగలిగాడు గానీ ఆమెకి చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆమె అతనితో మాటలు మానేసి నెల కావస్తోంది. పాప "సార్" అనడం మానేసి పదిరోజులైంది, మరేమీ అనడమూ లేదు.

నర్సమ్మ రావడానికి ఒక్కరోజుంది. సాయంత్రం భార్య పనినుంచి వచ్చి గుమ్మంలో కూలబడింది. అతను ఎదురుగా నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పు నాది," అన్నాడు. "నువ్వు మాట్లాడేదానివి. నేనే మాట్లాడలేదు."

మాటలు ఇద్దరి మధ్యా రాలాయి. ఆమె వాటి వైపైనా చూడలేదు. అతను చీపురు కోసం వెనక్కి తిరిగాడు.

పాప వచ్చి వంగి, ఒక్కొక్కటే ఏరింది. నోట్లో వేసుకోలేదు. నడిచి వెళ్లి తల్లి అరచేతిలో పోసింది.

"అమ్మా, ఇదిగో," అంది. "నాన్నవి."

ఆమె చెయ్యి కదల్లేదు. అతను అక్కడే నిలబడి చాలాసేపు ఆగాడు.

"చల్లారిపోయాయా?" అని అడిగాడు.

ఆమె మెల్లగా గుప్పిట మూసింది.

"లేదు," అంది.