నేర్పేది హజ్రా బీ, కుర్చీ నాది

ఫోన్ వచ్చినప్పుడు జమీర్ చొక్కా ఆరేస్తున్నాను. పెళ్లయిన కొత్త. అతని చొక్కాకు క్లిప్పు పెట్టడం కూడా నాకు ముచ్చటే.

"సూపర్‌వైజర్‌గా తీసుకున్నాం. రింగ్ ఫ్రేమ్ సెక్షన్. రేపు పొద్దున వచ్చి చేరండి" అన్నాడు నూలు మిల్లు మేనేజరు. తడి చేతులతోనే పరుగెత్తి జమీర్ మెడ పట్టుకున్నాను. అతను చిలకలూరిపేట సెంటరుకు వెళ్లి జిలేబీ తెచ్చాడు.

మధ్యాహ్నం అత్త హజ్రా బీ షిఫ్టు దిగి వచ్చింది. జుట్టు నిండా దూది. అదే మిల్లులో ఇరవై ఏళ్లుగా తెగిన దారాలు అతుకుతోంది. పాత సూపర్‌వైజరు మానేశాక ఆ పనీ ఆమే చూస్తోంది. సీనియారిటీ వరసలో ముందున్నది ఆమే.

"మా సెక్షన్‌కి రేష్మా అని డిగ్రీ పిల్ల వస్తందంట. నెల రోజులు పని నేర్పమన్నాడు మేనేజరు. నువ్వేనా?"

దరఖాస్తు పెట్టినప్పుడు ఏ సెక్షనో నాకు తెలియదు; ఫోన్లో రింగ్ ఫ్రేమ్ అన్నా అది అత్త సెక్షనని తట్టలేదు. నేను ఆమె కోడలినని మేనేజరుకూ తెలియదు.

"నేనేం దొంగతనం చెయ్యలేదత్తా. చదువుకున్నాను."

"నేనూ దొంగతనం చెయ్యలా. కడుపు మండతంది కోడలా. నా కొడుకు పెళ్లానివని ఆ మంట ఆగట్లా."

సాయంత్రానికి షిఫ్టంతా మా వాకిట్లో ఉంది.

"పోస్టు మీ ఇంటికే వచ్చిందిగా వదినా, నీకేంది ఏడుపు?" అంది అత్త పక్క మెషిన్ మీద చేసే కాంతమ్మ.

"ఈ పిల్లని ఉండనియ్యొద్దు. రేపట్నించి తెగిన దారం ఎవరూ అతకొద్దు" అన్నాడు గోపీచంద్, నన్ను చూస్తూనే.

"అట్ట చేస్తే ఈమె పోద్ది, ఇంకోదాన్ని తెస్తారు" అంది అత్త. "దానికీ నన్నే నేర్పమంటారు. మనలో మనిషి పైకొస్తే మన మాట మాట్లాడుద్దని వాళ్లకి భయం. అందుకే బయట నుంచి తెస్తన్నారు. మనమేమో ఒకళ్లని చూసి ఒకళ్లం కుళ్లుకుంటన్నాం."

"మరి నీకు మండట్లా?" అన్నాడు గోపీచంద్.

"మండుద్ది. కోడలి మీద చూపిస్తే మా ఇంట్లో పొయ్యి వెలగదు, అంతే. మేనేజరుకేంది నష్టం?"

కాంతమ్మ నవ్వింది. అందరూ జరిగి అత్తకు మంచం మీద చోటిచ్చారు. నా వైపు ఒక్కరూ చూడలేదు. రేపు నాకు దొరకబోయే కుర్చీ చుట్టూ ఇలా ఎవరు చేరతారు? అత్తను చూసి కుళ్లుకున్నాను.

"నువ్వు రేపు చేరతావా అమ్మా?" గోపీచంద్ అడిగాడు.

"చేరాలనే ఉందన్నా. కానీ నేర్పేది ఆమె, కూర్చునేది నేనా? చేరను."

అత్త మంచం మీద నుంచి లేచింది.

"రేపు పొద్దున అందరం గేటు కాడికి పోతన్నాం. లోపలికి ఎవరం పోం. పని చేస్తన్నోళ్లకే పోస్టని మేనేజరు బయటికొచ్చి చెప్పిందాకా ఆడే కూచుంటాం. నైటు షిఫ్టోళ్లకి కాంతమ్మ చెప్పుద్ది." నా వైపు తిరిగింది. "నువ్వు నా పక్కన కూచో. నిన్ను చూస్తే ఇంకా మండుద్ది. మండితేనే నా గొంతు లేస్తది."